పాత స్పోర్ట్స్ కారు కొత్త ముఖంతో వస్తే ఎలా చూడాలి, ఏం మాట్లాడాలి

కొత్త మోడల్ ఫోటోలు మనకు ఎక్కువగా రాత్రిపూటే అందుతాయి. జర్మనీలో సాయంత్రమో అమెరికాలో పగటిపూటో తెర తీస్తే ఇక్కడ హన్మకొండలో అన్నాలు తిని పక్కలు వేసుకునే వేళ అవుతుంది. ఫోటో కన్నా ముందు తీర్పు వచ్చేస్తుంది. "అన్నా, చూసినవా? మొత్తం ఖరాబు చేసిండ్రు, గా ముఖమేంది, గా లైట్లేంది" అని తమ్మి వాయిస్ మెసేజ్, దాని వెనకాలే ఇంకో నలుగురి కోపం, తెల్లారేసరికి ఆ కారు పని అయిపోయిందని అందరం తేల్చేసి ఉంటాం. అప్పటికి కారును సరిగ్గా చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఆ కోపం తప్పని నేను అనను. చిన్నప్పుడు లాంగ్‌బుక్ అట్ట మీద అంటించుకున్న కారు అది, దాన్ని ఎవరో మార్చేస్తే కడుపు మండుతుంది, మండకపోతే అది ప్రేమే కాదు. కానీ ఆ మంటను మంచి మాటగా మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ములుగు రోడ్డులో మా బాపుకు డెంటింగ్, పెయింటింగ్ షాపు ఉంది, బడి అయిపోగానే అక్కడే కూర్చుని పెరిగాను, కారు రేకును ఎలా చూడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మిగతాది పుస్తకాల్లో చదివి, ఫోటోలు పక్కపక్కన పెట్టి, స్నేహితులతో గొడవపడి తెలుసుకున్నాను. ఏ కారు కొత్త రూపంలో వచ్చినా నేను చేసే పనులన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఉదాహరణలు ఎక్కువగా జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షె 911 నుంచే వస్తాయి, ఎందుకంటే మార్పుల గురించి ఇంత పట్టుదలగా వాదించుకునే అభిమానులు ఇంకో కారుకు తక్కువ.

ముందుగా, ఆ రాత్రి ఏమీ రాయకండి. ఒక్క రాత్రి ఆగండి చాలు. మొదట బయటికొచ్చే ఫోటోలు కంపెనీవాళ్లు తమకు కావలసిన కోణంలో, తమకు కావలసిన లెన్సుతో తీసినవి, లేకపోతే ఎవరో దొంగచాటుగా ఫోన్‌లో లాగినవి. రెండింటిలోనూ కారు అసలు ఆకారం ఉండదు. నమ్మకం లేకపోతే ఇంటి ముందున్న ఏ కారుతోనైనా చూడండి. ముందు బంపర్‌కు మూరెడు దూరంలో ఫోన్ పెట్టి ఒక ఫోటో తీయండి, తర్వాత ఇరవై అడుగులు వెనక్కి నడిచి జూమ్ చేసి ఇంకోటి తీయండి. మొదటి దాంట్లో ముక్కు ఉబ్బి, లైట్లు పెద్దవై, వెనక భాగం చిక్కిపోయి కనిపిస్తుంది, రెండో దాంట్లో అదే కారు పద్ధతిగా నిలబడుతుంది. పైగా లాంచ్ ఫోటోల్లో ఉండేది ఎప్పుడూ అన్నిటికంటే ఖరీదైన వేరియంట్, అన్నిటికంటే పెద్ద చక్రాలు, మండిపోయే రంగు. కింది వేరియంట్ మామూలు తెల్ల రంగులో ఎలా ఉంటుందో చూసేదాకా ఆ డిజైన్ గురించి మనకు తెలిసింది సగమే.

మర్నాడు పొద్దున ఒక కాగితం తీసుకుని, ఏ ఫోటో చూడకుండా, పాత కారును గుర్తున్నంత వరకు గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. మన కాకతీయ కళాతోరణాన్ని ఓరుగల్లులో ఏ పిల్లాణ్ని గీయమన్నా రెండు స్తంభాలు, పైన అడ్డంగా దూలం, దాని మీద హంసలు గీస్తాడు. శిల్పాలన్నీ వదిలేస్తాడు, అయినా చూసిన ప్రతి ఒక్కరూ తోరణమే అంటారు. రాష్ట్ర చిహ్నంలో చిన్న గీతలుగా వేసినా పట్టేస్తాం. కారుకు కూడా అలాంటి గీతలు మూడో నాలుగో ఉంటాయి, మీ చేయి గుర్తుపెట్టుకుని గీసినవే అవి. వదిలేసినవి ఏవైతే ఉన్నాయో వాటిని మార్చినా ఆ కారు బతుకుతుంది.

911 గీయమంటే నేను నాలుగు గీస్తాను. బానెట్ కన్నా ఎత్తులో నిలబడే గుండ్రటి లైట్లు, ముందు అద్దం పై నుంచి వెనక బంపర్ దాకా ఎక్కడా తెగకుండా జారే పైకప్పు గీత, వెనక చక్రాల మీద ఉబ్బిన తుంటి, లోపల కూర్చుంటే వరసగా ఐదు గుండ్రటి మీటర్లు, వాటి నడుమ ఇంజన్ తిరుగుడు చూపించే పెద్దది. అమెరికావాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్ గీయమంటే వెనక గుండ్రటి లైట్ల జంటలు తప్పకుండా వస్తాయి, అందుకే 2014 మోడల్‌కు మూలలున్న లైట్లు పెట్టినప్పుడు పాత అభిమానులు అంత బాధపడ్డారు. ఫోర్డ్ మస్టాంగ్‌కు వెనక నిలువుగా మూడేసి ముక్కల లైట్లు, పొడుగు బానెట్, పొట్టి డిక్కీ. ఇప్పుడు కొత్త కారు ఫోటో తీసి మీ కాగితం పక్కన పెట్టండి. ఎన్ని గీతలు మిగిలాయో లెక్కపెట్టండి. ఈ ఒక్క పని చేస్తే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి, ఎందుకంటే మనకు కోపం తెప్పించినవాటిలో చాలావరకు మన కాగితం మీద లేనివే అని తేలుతుంది. అలాగే ఒక్కోసారి కోపం నిజమని కూడా తేలుతుంది, అప్పుడు ఎక్కడ దెబ్బ తగిలిందో వేలు పెట్టి చూపించగలుగుతాం.

తర్వాత కొలతలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే ఇష్టం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించిన మొదటి 911 వెడల్పు 1610 మిల్లీమీటర్లు, పొడవు 4163, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 2211. ఇప్పటి 992 తరం కారు మొదట వచ్చినప్పుడు పొడవు 4519, వెడల్పు 1852, చక్రాల మధ్య దూరం 2450. అంకెలు చదివితే ఏమీ అనిపించదు కదా, అందుకే వాటిని మన వీధిలోకి తెచ్చుకోవాలి. మారుతి స్విఫ్ట్ వెడల్పు 1735. అంటే నక్కలగుట్టలో ప్రతి గేటు ముందు ఆగి ఉండే స్విఫ్ట్, ఆ మొదటి 911 కన్నా పన్నెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. ఇంకా విచిత్రం, స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం కూడా 2450, ఇప్పటి 911తో సరిగ్గా సమానం! ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు టేపు తీసుకుని వెళ్లి పక్కింటి అన్న స్విఫ్ట్ కొలిచి, ఆ కారు వెనక తలుపు చెరిపేసి, పైకప్పు దించి, ఇంజన్ డిక్కీలో పెట్టి మనసులో ఊహించుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. కొత్తది లావయిందని ఊరికే అనడం వేరు, అరవై ఏళ్లలో 24 సెంటీమీటర్లు వెడల్పు పెరిగిందని తెలిసి అనడం వేరు.

అంకెలు దొరకకపోతే పక్క నుంచి తీసిన ఫోటోను ప్రింట్ తీయించి స్కేలుతో కొలవండి, చక్రం అడ్డుకొలత ఎంత, రెండు చక్రాల నడుమ అలాంటి చక్రాలు ఎన్ని పడతాయి, ముందు తలుపు అంచుకూ ముందు చక్రానికీ ఎంత ఖాళీ ఉంది అని. ఇంజన్ ముందున్న కారుకు ఆ ఖాళీ ఎక్కువ, నడుమ ఉన్నదానికి తక్కువ. 2019 జులైలో కొత్త కార్వెట్ తెర తీసినప్పుడు ముక్కు పోయింది, ముక్కు పోయింది అని అందరూ మొత్తుకున్నది దీని గురించే. ఇంజన్ డ్రైవర్ వెనక్కి వెళ్లింది కాబట్టి పొడుగు బానెట్‌కు పనే లేకుండా పోయింది. కార్వెట్‌ను పెంచి పెద్ద చేసిన ఇంజనీర్ జోరా ఆర్కస్ డంటోవ్ దశాబ్దాల కిందటే ఇంజన్ నడుమన పెట్టాలని పోరాడాడని తెలిస్తే ఆ మార్పును ఇంకో రకంగా చూస్తాం. నచ్చకపోవచ్చు, అది వేరే.

ఇక రేకు సంగతి. దీనికి బాపు పద్ధతే వాడతాను. రాత్రి షట్టర్ సగం దించి, మిగతా లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క ట్యూబ్‌లైటు ఉంచి, ఆయన కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు. లప్పం రుద్ది, ప్రైమర్ కొట్టి, పెయింట్ అయిపోయిన తలుపు మీద ట్యూబ్‌లైటు నీడ ఒక తెల్ల గీతలా పడుతుంది. తల మెల్లగా పక్కకు జరుపుతాడు. గీత కూడా తలుపు మీద జరుగుతుంది. నున్నగా జారితే పని అయినట్టు, ఎక్కడైనా వణికితే, రవ్వంత వంగి మళ్లీ నిటారైతే, అక్కడ వేలు పెట్టి "గిక్కడ ఇంకా కడుపున్నది రా" అంటాడు, మనకు ఏమీ కనిపించదు, చేత్తో తడిమితే కూడా తెలియదు, మళ్లీ ఎమరీ పేపర్ పట్టాల్సిందే. డిజైన్ స్టూడియోల్లో కూడా ఇదే పని, అక్కడ మట్టి నమూనా మీదా కంప్యూటర్ తెర మీదా వెలుగు చారలు పరుగెత్తించి చూస్తారు.

కాబట్టి కొత్త కారు వీడియో దొరికితే రంగు చూడకండి, బ్యాడ్జి చూడకండి, వెలుగు గీతను పట్టుకోండి. ముందు మడ్‌గార్డ్ మీద మొదలైన వెలుగు తలుపు మీదుగా వెనక తుంటి దాకా ఒకే ఊపులో వెళ్తోందా, లేక నడుమ అనవసరపు మడతలు తగిలి ముక్కలవుతోందా? పాత 911 పక్క మీద దాదాపు ఏ మడతా ఉండదు, వెలుగు ఒక్కటే మొత్తం ఆకారాన్ని చెప్పేస్తుంది, అలాంటి కారుకు మడతలు పెడితే నేను మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు అసలైన ప్రశ్న: ఏది బలవంతంగా మారింది, ఏది కావాలని మార్చారు? దీన్ని విడదీయకుండా రాసే ఏ మాటకూ విలువ ఉండదని నా గట్టి అభిప్రాయం.

బలవంతాలు చాలానే ఉన్నాయి. అమెరికాలో 1970ల్లో బంపర్ చట్టాలు వచ్చాయి, మెల్లగా గుద్దుకుంటే లైట్లూ ముఖ్యమైన భాగాలూ చెడకూడదని. దానికోసం 1974 మోడల్ 911కు పక్కన నల్లటి రబ్బరు మడతలున్న పెద్ద బంపర్లు పెట్టాల్సి వచ్చింది, సన్నటి క్రోమ్ బంపర్లు పోయాయి. బ్రిటన్‌వాళ్ల స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ఇంకా కష్టం, నల్లటి లావు బంపర్లు తగిలించడమే కాక కారును కొంచెం పైకి కూడా లేపారు, నడక పాడయిందని ఆ అభిమానులు ఇప్పటికీ బాధపడతారు, క్రోమ్ బంపర్ ఎంజీబీకి ఉన్న గిరాకీ రబ్బరు దానికి లేదు. కానీ 911కు అదే చట్టం వల్ల వచ్చిన ఆ రూపం 1989 దాకా ఉండిపోయింది, ఈరోజు క్లాసిక్ 911 అంటే చాలామంది కళ్ల ముందుకు వచ్చేది ఆ మడతల బంపరే. ఒకే చట్టం, రెండు ఫలితాలు. పని ఎంత శ్రద్ధగా చేశారన్నదే తేడా.

పైకి లేచే లైట్లు కూడా అంతే. కార్వెట్‌కు 1963 నుంచి 2004 దాకా దాక్కునే లైట్లే, 2005 మోడల్‌లో బయటికి కనిపించే లైట్లు పెట్టగానే మనసు విరిగినవాళ్లు ఎందరో. పాదచారిని గుద్దితే దెబ్బ తగ్గాలన్న నిబంధనలు, బరువు, ఖర్చు, లైట్ల సాంకేతికత మారడం, అన్నీ కలిసి వాటిని తప్పించాయి. అవి తిరిగి రావాలని ఉత్తరం రాస్తే లాభం లేదు. కొత్త లైట్లు ఆ ముఖానికి నప్పలేదని రాస్తే ఉంది.

ఇంజన్ సంగతి మనవాళ్లకు వివరించడం చాలా తేలిక, ఆర్‌ఎక్స్ 100 పేరు చెబితే చాలు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ బండి శబ్దం హుజూరాబాద్ నుంచి నర్సంపేట దాకా ఏ ఊళ్లో వినిపించినా ముసలివాళ్లు కూడా తల తిప్పుతారు. టూ స్ట్రోక్ ఇంజన్ నూనెను కూడా కాలుస్తుంది, పొగ నిబంధనలు బిగుసుకునేసరికి దానికి చోటు లేకుండా పోయింది, యమహాకు దాని మీద ప్రేమ లేక ఆపలేదు. 911కు గాలితో చల్లబడే ఇంజన్ అలాంటిదే. 1963 నుంచి 1998 దాకా 35 ఏళ్లు ఆ ఫ్యాన్ చప్పుడే ఆ కారు గొంతు. పొగ, శబ్దం మీద చట్టాలు కఠినమయ్యాయి, సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెట్టి ఎక్కువ శక్తి తీయాలంటే ఆ వేడిని గాలి ఒక్కటే మోయలేదు, అందుకే 1997లో చూపించిన 996 తరంతో నీళ్ల రేడియేటర్లు వచ్చాయి. ఆర్‌ఎక్స్ ఆగిపోయినప్పుడు మా చిన్న కాక ఎలా బాధపడ్డాడో చూసినవాణ్ని కాబట్టి ఆ జర్మన్ పెద్దమనుషుల దుఃఖం నాకు అర్థమవుతుంది. అయినా అది బలవంతపు మార్పు. దాన్ని ద్రోహం అనకూడదు.

అదే 996 లైట్లు మాత్రం వేరే కథ, అక్కడ డబ్బు ఉంది. 1990ల మొదట్లో పోర్షె నిజంగా కష్టాల్లో ఉంది, అమ్మకాలు పడిపోయాయి, తయారీ ఖర్చు ఎక్కువ. కంపెనీ నిలబడాలంటే తక్కువ ధరకు అమ్మే బాక్స్‌స్టర్‌నూ 911నూ కలిపి తయారుచేయాలని నిర్ణయించుకున్నారు. ముందు సగం, తలుపులు, లోపలి సామాను చాలావరకు రెండిటికీ ఒకటే. హెడ్‌లైటు, ఇండికేటరు, ఫాగ్‌లైటు అన్నీ ఒకే డబ్బాలో బిగించారు, దాంతో బిగింపు పని తేలికైంది. ఆ డబ్బా కింద నారింజ రంగు ఇండికేటరు కారినట్టు ఉండటంతో పెనం మీద పగిలిన కోడిగుడ్డు అని పేరు పడింది. నా కాగితం మీద మొదటి గీత ఏది? గుండ్రటి లైటు. సరిగ్గా దాన్నే తీసేశారు, పైగా చవక కారుకున్న ముఖమే ఖరీదైన కారుకూ పెట్టారు. ఇది చట్టం చేయించింది కాదు, ఎంచుకున్నది. అభిమానులు పట్టుకున్నదీ దీన్నే.

చాలా ఏళ్లు నేను కూడా 996 పేరెత్తితే మొహం తిప్పుకునేవాణ్ని, ఒక్కసారి కూడా కళ్లతో చూడకుండానే. హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున కార్ల మీట్‌లో దగ్గరగా చూశాను, వెండి రంగుది. లైట్లు ఇప్పటికీ నచ్చలేదు. కానీ చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కన వంగి వెలుగు గీత చూస్తే, తలుపు నుంచి వెనక తుంటికి ఆ గీత వెళ్లే తీరు ఎంత నున్నగా ఉందంటే, బాపు చూస్తే ఎక్కడా వేలు పెట్టడు. లైట్ల మీది కోపంతో మొత్తం కారును కొట్టిపారేశానని అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. మన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాళ్లు విప్పి, మళ్లీ పేర్చి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు, అక్కడ ఉద్దేశం పాతదాన్ని పాతదిగానే ఉంచడం, కొత్తగా ఒక్క గీత పెట్టినా తప్పే. కారు కంపెనీ చేసే పని అది కాదు. పాత పేరు కింద కొత్త వస్తువు కడుతుంది. గుడి విషయంలో అడిగినట్టు కారు విషయంలో అచ్చం పాతదే కావాలని అడిగితే, 1970ల కారుకు ఎయిర్‌బ్యాగులు ఎక్కడ పెట్టాలో కూడా మనమే చెప్పాలి.

ఇంకొకరి ఇంజన్, ఇంకొకరి కొలతల మీద కట్టిన కార్లను చూసేటప్పుడు ఇంకొంచెం ఓపిక కావాలి. 2019లో టయోటా సుప్రా పేరు మళ్లీ తెచ్చినప్పుడు అది బీఎండబ్ల్యూ జెడ్4తో కలిసి పుట్టిన కారు, ఇంజన్ బీఎండబ్ల్యూది, తయారయ్యేది ఆస్ట్రియాలో గ్రాజ్‌లో. పేరు ఒక్కటే సుప్రా అని ఎంతోమంది కొట్టిపారేశారు. ఒంటరిగా కడితే ఖర్చు గిట్టక ఆ పేరు అసలు తిరిగి వచ్చేదే కాదన్నది నా నమ్మకం, అందుకే ఆ ఫిర్యాదుతో నేను కలవను. కానీ రెండు ఫిర్యాదులతో కలుస్తాను. తలుపుల మీదా బంపర్ల మీదా గాలి వెళ్లని ఉత్తుత్తి కంతలు పెట్టారు, అవి వెలుగు గీతను ముక్కలు చేస్తాయి, పనికీ రావు. మొదట్లో చేతి గేర్లు ఇవ్వలేదు. గేర్ల గురించి అభిమానులు పదే పదే అడిగారు, 2022లో కంపెనీ ఇచ్చింది కూడా.

ఇప్పుడు రాయడం ఎలాగో. ఒక భాగం పేరు చెప్పండి, అది ముందు ఎలా ఉండేదో చెప్పండి, ఇప్పుడు ఏం పోయిందో చెప్పండి, ఏం చేస్తే బాగుండేదో చెప్పండి. "చెత్త డిజైన్, డిజైనర్‌ను పీకేయాలి" అనే మాటలో కంపెనీకి అందే సమాచారం సున్నా. దాని బదులు ఇలా రాయండి: "2024లో మార్చిన 911లో ముల్లుతో మిగిలిన ఆ ఒక్క మీటరునూ తీసేసి పూర్తిగా తెర పెట్టారు. మొదటి నుంచీ నడుమ ఉన్న ఇంజన్ మీటరు నిజమైన ముల్లుతో ఉండటం ఈ కారు గుర్తు, ఆ ఒక్కటైనా అసలు ముల్లుతో ఉంచండి, మిగతా నాలుగూ తెర మీద ఉన్నా నాకు ఇబ్బంది లేదు." చదివినవాడు ఒప్పుకోకపోయినా దాని మీద పని చేయగలడు. తెలుగులోనే రాసుకోండి ముందు, మన మాటల్లో ఆలోచన తేలిన తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చి కంపెనీకి పంపినా సరే. నచ్చింది కూడా అదే కొలతతో రాయాలి, "సూపర్ ఉంది" అన్నది కూడా సమాచారం కాదు.

మాటకు బలం ఉంటుందా అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ మస్టాంగ్ సంగతి చెబుతాను. 1980ల్లో ఫోర్డ్ కంపెనీ, తర్వాతి మస్టాంగ్‌ను మజ్దా కారు పునాది మీద, ముందు చక్రాలు లాగే కారుగా చేయాలని దాదాపు సిద్ధం చేసేసింది. ఆ వార్త 1987లో బయటికి పొక్కింది. ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఇంటర్నెట్ లేని రోజులు, కాగితం, కవరు, స్టాంపు ఖర్చు పెట్టుకుని రాశారు మనుషులు. వాళ్లు అడిగింది స్పష్టంగా ఉంది: మస్టాంగ్ అంటే వెనక చక్రాలు తోసే కారు, వీ8 ఇంజన్ కారు, ఆ రెండూ లేకుండా ఆ పేరు పెట్టొద్దు. ఫోర్డ్ వెనక్కి తగ్గింది. తయారైన కారును ప్రోబ్ అనే వేరే పేరుతో 1988లో అమ్మింది, మస్టాంగ్‌ను అలాగే కొనసాగించి 1994 మోడల్‌కు కొత్త రూపం ఇచ్చింది. పేరుకు తగ్గ కారు కావాలని గట్టిగా, విడమరిచి చెప్పినందుకే ఆ గుర్రం ఇంకా వెనక కాళ్లతోనే పరుగెడుతోంది.

911 లైట్ల విషయంలో కూడా అంతే, మెట్టుమెట్టుగా. 2002 మోడల్‌కు వచ్చేసరికి బాక్స్‌స్టర్ ముఖం నుంచి 911 ముఖాన్ని విడదీశారు, టర్బో మోడల్ లైట్లు తెచ్చి పెట్టారు. 2004లో వచ్చిన తర్వాతి తరం 997కు గుండ్రటి లైట్లే తిరిగి వచ్చాయి. నీళ్ల ఇంజన్ మాత్రం వెనక్కి పోలేదు. బలవంతపు మార్పు నిలిచింది, ఎంచుకున్న మార్పు వెనక్కి వెళ్లింది. నేను విడదీయమని అంతగా చెప్పడానికి కారణం ఇదే.

రాసేటప్పుడు మనిషిని తిట్టకండి, పేరుపెట్టి అసలే వద్దు. ఒక కారు ముఖం వెనక వందలమంది ఉంటారు, ఖర్చు లెక్కలు చూసేవాళ్లు, చట్టం చూసేవాళ్లు, గాలి సొరంగంలో పరీక్షలు చేసేవాళ్లు. 2021లో లంబోర్గిని కంపెనీ కౌంటాష్ పేరుతో 112 కార్లు కొత్తగా చేసినప్పుడు అసలు కౌంటాష్‌ను గీసిన మార్చెల్లో గాందిని, ఈ కొత్తదానిలో తన పాత్ర ఏమీ లేదని బహిరంగంగా చెప్పాడు. తన పని గురించి మాట్లాడాడు, ఎవరినీ బూతులు తిట్టలేదు. ఆయనకన్నా ఎక్కువ కోపం తెచ్చుకునే హక్కు మనలో ఎవరికుంది?

కొన్నవాళ్లను కూడా వదిలేయండి. మా బ్యాచ్‌లో ఒక తమ్మి ఉన్నాడు, కాజీపేట వైపు పిల్లాడు, వాడికి మొదట పరిచయమైన 911 ఆ కోడిగుడ్డు లైట్లదే, వీడియో గేమ్‌లో. మేమంతా దాన్ని తిడుతుంటే రెండేళ్లు నోరు తెరవలేదు. ఒకరోజు భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు "అన్నా, నాకైతే గదే అసలు 911" అన్నాడు మెల్లగా. ఎంత తప్పు చేశామో అప్పుడు అర్థమైంది. ఎవరికి ఏ తరం ముందు పరిచయమైతే వాళ్లకు అదే అసలుది. కాబట్టి తీర్పు ఇచ్చేముందు మీది ఏ తరమో మీరే పైకి చెప్పేయండి, "నేను గాలి ఇంజన్ రోజుల ఫోటోలు చూసి పెరిగినవాణ్ని" అని మొదటి వాక్యంలోనే రాసేస్తే చదివేవాళ్లకు మీ కొలబద్ద తెలుస్తుంది.

వీలైతే కారును నేరుగా చూడండి. మన దగ్గర దొరకడం కష్టం, హైదరాబాద్ దాకా పోవాలి, ఆదివారం పొద్దున్నే కార్లు బయటికి వస్తాయి. అడగకుండా ముట్టుకోకండి, ఉంగరం, బెల్టు బకిల్ పెయింట్‌కు తగలనివ్వకండి. ఓనర్‌ను అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు, ఒక్క మాట అడగండి, ఇంజన్ స్టార్ట్ చేస్తారా అన్నా అని. ఫోటోలో నచ్చని కారు శబ్దం విన్నాక మనసు మారిన సందర్భాలు నాకే రెండున్నాయి. చూడటం కుదరకపోతే మాత్రం ఫోటో చూసి చెబుతున్నానని దాచకుండా రాయండి.

చివరి పని, నోట్‌బుక్. తేదీ వేసి, మీరు గీసిన బొమ్మ, కొత్త కారు ప్రింటు, మీ నాలుగు వాక్యాలు అందులో అంటించి ఏడాది ముట్టుకోకండి. 1963 కార్వెట్‌కు వెనక అద్దాన్ని నడుమ పట్టీతో రెండుగా చీల్చారు, వెనక ఏమీ కనిపించడం లేదన్న గోలతో ఆ ఒక్క ఏడాదికే దాన్ని తీసేశారు, ఇప్పుడు పాత కార్వెట్లలో మనుషులు వెతుక్కుంటూ తిరిగేది ఆ చీలిక అద్దం దాన్నే. కంటికి అలవాటు కావడానికి సమయం పడుతుంది, ఒక్కోసారి ఎంత సమయమిచ్చినా అలవాటు కాదు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికి పదకొండు కార్లున్నాయి. నాలుగింటి మీద అభిప్రాయం మార్చుకుని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన కొత్త తేదీ వేశాను. 996 పేజీలో ఎర్ర గీత రేకు గురించి రాసిన వాక్యం మీద పడింది, లైట్ల గురించి రాసింది అలాగే ఉంది.